గ్రైండరు చప్పుడులో

అమీర్‌పేటలో కమలకుమారి నడిపే ఆడపిల్లల హాస్టల్లో ఇడ్లీ మరీ మెత్తగా ఉందంటే, ముందురోజు ఆవిడకి కోపం వచ్చిందని లెక్క. ఆ లెక్క పిల్లలందరికీ తెలుసు. ఆ కోపం ఎవరి మీదో మాత్రం తెలియదు.

వంటింట్లో మూలన పెద్ద గ్రైండరు ఉంది. దాని రోలు తిరగడం మొదలైతే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. మనసులో ఏదో తిరగబడ్డట్టయినప్పుడు కమలకుమారి వంటింట్లోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, స్విచ్చి వేసేది. రోలు మీదకి వంగి నోటికొచ్చింది అనేది. ఎవరి మీద కోపమో వాళ్ల పేరు పెట్టి మరీ అనేది. ఆ చప్పుడు అన్నిటినీ మింగేసేది. కోపం దిగేదాకా పప్పు తిరుగుతూనే ఉండేది. అవసరానికి మించి తిరిగిన పిండి మర్నాటికి దూదిలా పొంగేది.

వంటవాడు ఓదెలు అలాంటప్పుడు ఉల్లిపాయల బుట్ట తీసుకుని వెనక గుమ్మంలోకి పోయి కూర్చునేవాడు. సిద్దిపేట అవతల పల్లె మనిషి. అడిగితే తప్ప మాట్లాడడు, అడిగినా ఒక్కోసారి మాట్లాడడు.

కమలకుమారిది రాజమండ్రి. చెడ్డ మనిషి కాదు. బాగున్న పొద్దున ఆవిడ మరీ బాగుండేది. మార్కెట్టు నుంచి మల్లెపూలు బుట్టతో సహా కొనుక్కొచ్చి, పరీక్ష ఉన్నా లేకపోయినా ప్రతి పిల్ల జడలోనూ పెట్టేది. "ఏమ్మా, పాయసం తాగుతారా?" అని నడిమధ్యాహ్నం పొయ్యి వెలిగించేది. అదే రోజు సాయంత్రానికి మొహం నల్లబడేది. ఎందుకో ఆవిడకే తెలియదు. బకెట్టు తన్నుకున్నా, పంపు కారినా, ఎవరో గట్టిగా నవ్వినా చాలు.

భర్త బుచ్చిబాబు ఉన్నన్నాళ్లూ ఆ మాటలన్నీ ఆయనే పట్టుకున్నాడు. పేపరు అడ్డం పెట్టుకుని, "అయిపోయిందా? కాఫీ తాగుదామా?" అనేవాడు. ఆయన పోయాక అవి పిల్లల మీద పడ్డాయి. స్నానాలగదిలో జుట్టు ఉండ కనిపించిందని ఒకరోజు మంజూష అనే పిల్లని పట్టుకుని, "మీ అమ్మ ఇదేనా నేర్పింది?" అంది. ఆ పిల్లకి తల్లి లేదు. ఆ సాయంత్రమే పరుపు చుట్టుకుని, బకెట్టు చేత్తో పట్టుకుని వేరే హాస్టలుకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కమలకుమారి పంజాగుట్టలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ మాత్రలు రాసి రెండు మాటలు చెప్పింది. ఒకటి, చుట్టూ ఉన్నవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పుకోవాలి, వచ్చినప్పుడు వచ్చిందని చెప్పాలి. రెండోది, నోరు ఆగకపోతే ఎవరూ లేని చోటికి పోయి అనేసి రావాలి.

మాత్రలు వేసుకుంది. మొదటి మాట వదిలేసింది. తనకి ఫలానా జబ్బు అని చెప్పుకుంటే ఏ తండ్రి తన కూతుర్ని ఈ హాస్టల్లో ఉంచుతాడు? రెండోది పట్టుకుంది. కానీ అమీర్‌పేటలో ఎవరూ లేని చోటు ఎక్కడుంది? మేడెక్కితే పక్క మేడ మీద పదిమంది. గదిలో అరిస్తే గోడకి అవతల పిల్లలు. వెతగ్గా వెతగ్గా గ్రైండరు దొరికింది.

బాగానే నడిచింది. ఆవిడ ఎవర్నీ ఏమీ అనడం లేదు. పిల్లలు నవ్వుకునేవాళ్లు. "ఆంటీ గ్రైండర్‌తోని ముచ్చట పెడుతుంది" అనేది నవీన. ఆంటీ తన తలరాతనో కరెంటు బిల్లునో తిట్టుకుంటోందని అందరూ అనుకున్నారు. తమ పేర్లే అందులో నలుగుతున్నాయని ఎవరికీ తట్టలేదు.

ఆ పిల్లల్లో హైందవి ఒకతె. మంథని నుంచి వచ్చింది. సాఫ్ట్‌వేర్ కోర్సు అయిపోయి చాలాకాలమైంది, ఇంటర్వ్యూలకి తిరుగుతోంది. సాయంత్రం వంటింట్లోకి వచ్చి, ఎవరూ చెప్పకుండానే కరివేపాకు దూసేది, పచ్చిమిరపకాయల తొడిమలు తీసేది. మిగతా పిల్లలు కమలకుమారి మొహం చూసి పక్కకి తప్పుకుంటే ఈ పిల్ల మొహం చూసి ఆగేది. గ్రైండరు మోగుతుంటే గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లని వెనక్కి పంపేది.

"లోపలికి పోకుండ్రే. ఆంటీకి జర టైమియ్యిండ్రి."

"నువ్వేందే, వాచ్‌మన్‌వా?" అనేది నవీన.

"అవ్. జీతం ఇడ్లీలు."

ఒకసారి హైందవే కమలకుమారికి ఒక సంగతి చెప్పుకుంది. వాళ్ల నాన్న రాజనర్సయ్య మంథనిలో బట్టలు కుడతాడు. రోజూ సాయంత్రం ఫోను చేసి, "ఏమన్న అయ్యిందా బిడ్డా?" అని అడుగుతాడు. ఒకరోజు ఆ అడగడం భరించలేక, "అయ్యింది బాపూ" అనేసింది. ఆయన ఆ పూటే మిషను ఆపి, వీధంతా లడ్లు పంచాడు. ఇక వెనక్కి తీసుకోలేకపోయింది.

"ఎవ్వరికి చెప్పకుండ్రి ఆంటీ. నవీనకైతే అస్సలే వద్దు. వాళ్ల మేనమామ ఇల్లు మా దుకాణం ముంగటనే."

"నేనెందుకు చెప్తానమ్మా, పిచ్చిదానా" అని కమలకుమారి ఆ పిల్ల తల నిమిరింది. ఆ నిమరడం నిజమే.

*

వేసవి చివర్లో ఒకరోజు. పొద్దున మల్లెపూలు వచ్చాయి, మధ్యాహ్నం సేమ్యా పాయసం అయింది. "ఆదివారం అందర్నీ పంజాగుట్ట తీసుకెళ్లి ఐస్‌క్రీం తినిపిస్తా" అని కూడా అంది కమలకుమారి. నాలుగు దాటాక గాలి మొదలైంది. ఎదురుగా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు పటపటా కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు ఆవిడ తలలోకి ఎక్కింది. పిండికని నానబెట్టిన పప్పు గ్రైండరులో పోసి, ఇంకా స్విచ్చి వేయకుండా గట్టు పట్టుకుని నిలబడింది.

వంటింటి కిటికీ అవతల, గిన్నెలు తోమేచోట, హైందవి ఫోనులో మాట్లాడుతోంది.

"తిన్న బాపూ. ఆఫీస్ క్యాంటీన్ల తిన్న... మస్తు పనుంటది. మా మేడం మంచిగనే చూసుకుంటది... నువ్వు ఫికర్ చెయ్యకు." అని నవ్వింది.

ఆ నవ్వు తగిలింది కమలకుమారికి. తనకి తెలిసిన అబద్ధమే, ఎన్నోసార్లు విన్నదే. ఆ పూట మాత్రం ఒళ్లంతా మండింది.

హైందవి ఫోను పెట్టేసి లోపలికి వచ్చింది. ఆవిడ మొహం చూసింది. ఇంతకు ముందు కొన్నిసార్లు చేసినట్టే, చెయ్యి చాచి గ్రైండరు స్విచ్చి తనే వేసింది.

"జర రుబ్బుకోండ్రి ఆంటీ. నేను బయట ఉంట" అని తలుపు దగ్గరగా లాగి వెళ్లిపోయింది.

ఓదెలు టీ గిన్నె దించి, గ్లాసుల్లో పోసి, హాల్లోకి వడ్డించే కిటికీలో పెట్టి, ఉల్లిపాయల బుట్టతో వెనక్కి నడిచాడు. క్లాసుల నుంచి వచ్చిన పిల్లలు హాల్లో బల్లల ముందు టీ గ్లాసులతో కూర్చున్నారు. హైందవి తన గ్లాసుతో తలుపుకి ఆనుకుని నిలబడింది.

రోలు తిరుగుతోంది. కమలకుమారి వంగి అంటోంది. ఏమంటోందో తనకే సరిగ్గా వినపడదు, నోరు కదులుతోందని తెలుస్తుంది అంతే.

బయట పెద్ద గాలి కొట్టింది. ఎక్కడో ఏదో పేలింది. కరెంటు పోయింది.

లైటు పోలేదు. ఫాను ఆగలేదు. హాస్టల్లో ఇన్వర్టరు ఉంది. గ్రైండరు మాత్రం దాని మీద లేదు. అందుకే ఆవిడకి వెంటనే తెలియలేదు. రోలు నెమ్మదించి ఆగింది, గొంతు ఆగలేదు.

"...ఆఫీసట ఆఫీసు! ఎక్కడే నీ ఆఫీసు, నా వంటింట్లోనా? అక్కడ మీ నాన్న ఊరంతా లడ్లు పంచుకున్నాడు, ఇక్కడ నువ్వు కరివేపాకు దూసుకుంటున్నావు! సిగ్గుండాలి. నీకు ఈ జన్మలో రాదే ఉద్యోగం, హైందవీ!"

ఆ పేరు దగ్గర ఆవిడ గొంతు ఆవిడకే వినపడింది.

కమలకుమారి తలెత్తి వడ్డించే కిటికీలోంచి చూసింది. పిల్లలందరూ ఇటే చూస్తున్నారు. హైందవి ఒక్కతే చూడటం లేదు. చేతిలో టీ గ్లాసు వంక చూసుకుంటోంది.

ముందు నోరు తెరిచింది నవీనే.

"గదేందే హైందవీ... అంటే మా మామ సుత ఆ లడ్డు తిన్నట్టే కదనే!"

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. హైందవి మిగిలిన టీ మొత్తం తాగింది. గ్లాసు తెచ్చి కిటికీలో పెట్టింది. కమలకుమారి వైపు కాకుండా, వెనక గుమ్మంలో లేచి నిలబడ్డ ఓదెలు వైపు చూసి అంది.

"చాయ్‌ల చక్కెర సరిపోయింది, ఓదెలన్నా."

మెట్లెక్కి వెళ్లిపోయింది.

కమలకుమారి ఆ సాయంత్రం రెండుసార్లు మెట్ల దాకా వెళ్లింది. మొదటి మలుపు దగ్గర పైనుంచి హైందవి గొంతు వినపడింది. ఫోనులో మాట్లాడుతోంది. "బాపూ, ఒక మాట చెప్పాలె... తిట్టకు... లేదు, ముందుగాల విను" అంటోంది. కమలకుమారి అక్కడి నుంచే దిగిపోయింది. కోపం ఎప్పుడో పోయింది. కోపం పోయాక వచ్చే బరువు దాని చోట కూర్చుంది. అది వచ్చినప్పుడు నోరు లేవదు.

*

తెల్లారాక హైందవి మంచం ఖాళీగా ఉంది. బకెట్టు మాత్రం స్నానాలగదిలో ఉండిపోయింది.

"ఎక్కడికి పోయింది?" అని ఓదెలుని అడిగింది కమలకుమారి.

"పంజాగుట్ట. దోస్తు ఉండే హాస్టల్ల దిగుతనన్నది. పెట్టె నేనే ఆటోల పెట్టిన."

"నన్ను లేపొచ్చు కదయ్యా."

ఓదెలు పొయ్యి మీద గిన్నె సర్దాడు.

"మీరు నిద్రల లేరమ్మా. తలుపెన్క నిలబడ్డరు. తలుపు కిందికెల్లి కాళ్లు కనబడ్డయి."

ఆవిడ నిజంగానే నిలబడింది. పెట్టె మెట్ల మీద దిగుతున్న చప్పుడు విని గడియ మీద చెయ్యి వేసింది. తీయలేకపోయింది. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. ఇన్నాళ్లూ మాటలన్నీ రోలుకి చెప్పింది, మనుషులకి చెప్పడం అలవాటు తప్పిపోయింది.

మధ్యాహ్నం ఎండ తగ్గాక బకెట్టు పట్టుకుని బయల్దేరింది. మెట్రో ఎక్కితే ఒక్క స్టేషను. నడిస్తే చెప్పాల్సిన మాటలు కూర్చుకోవచ్చని నడిచింది. మెట్రో వంతెన నీడలో, జనాన్ని తప్పుకుంటూ, "తప్పయిపోయిందమ్మా" అని ఒకసారి, "నిన్ను అనలేదమ్మా" అని ఒకసారి లోపల అనుకుంటూ పోయింది. రెండోది అబద్ధమని తెలిసి దాన్ని వదిలేసింది.

కోచింగ్ సెంటర్ల కుర్రాళ్లు మనిషిని చూడకుండా కరపత్రాలు ఇస్తున్నారు.

"మేడమ్, పైథాన్, డేటా సైన్స్, డెమో క్లాస్ ఫ్రీ!"

"నాకెందుకు బాబూ?"

"మీ బాబుకియ్యండి మేడమ్. జాబ్ గ్యారంటీ."

చేతిలో బకెట్టు ఉంది కాబట్టి అందులో వేసేశాడు. ఒకణ్ణి చూసి ఇంకొకడు. పంజాగుట్ట చౌరస్తా వచ్చేసరికి బకెట్టు సగం నిండింది.

ఓదెలు చెప్పిన గుర్తుల మీద ఒక సందులో ఆ హాస్టలు దొరికింది. కబురు పంపితే హైందవి కిందికి వచ్చి మెట్ల మీద నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. జడలో నిన్నటి మల్లెపూలు వాడి ఉన్నాయి, తీసినట్టు లేదు.

"బకెట్ తెచ్చిన్రా ఆంటీ? గింత దూరం?" అంది. బకెట్టులోకి తొంగిచూసి ఒక కాగితం తీసింది. జాబ్ గ్యారంటీ అని చదివింది. మళ్లీ లోపల వేసింది.

"రోడ్డు మీద వేశారమ్మా, నేను కావాలని..." కమలకుమారి తడబడింది. "నా బుద్ధి అంత మంచిది కాదు హైందవీ. అప్పుడప్పుడు ఏదో వచ్చి పడుతుంది. మీ మీద పడకూడదనే ఆ గ్రైండరు... డాక్టరు కూడా..."

"నాకు తెల్వదా ఆంటీ? అందరికంటే ముందు నాకే ఎర్కైంది."

"మరి ఇంకేం. వచ్చెయ్యమ్మా. నవీన నోరు నేను మూయిస్తాను."

"నవీన నోరు మూసి ఏం చేస్తరు? బాపుకు నేనే చెప్పిన. వాళ్ల మామ చెప్పేకన్న ముందు చెప్పాలె కదా."

"ఏమన్నారు?"

"ఏమనలే. తిట్టినా మంచిగుంటుండె. జరసేపు మిషన్ చప్పుడిన్న, గంతే. ఆఖరికి, ఇంటికి రా, మాట్లాడుదం అన్నడు. ఎల్లుండి పోతున్న."

"మళ్లీ వస్తావుగా?"

హైందవి మెట్టు అంచుకి కాలి చెప్పు రుద్దుతూ నిలబడింది. తర్వాత అడిగింది.

"ఒక్కటి చెప్పుండ్రి ఆంటీ. అంతకుముందు సుత నన్నే అన్నరా? నేను స్విచ్ ఏసి బయట నిలబడ్డప్పుడు?"

కమలకుమారికి లేదని అనేయడం తేలిక. ఆ పిల్ల కళ్లలోకి చూస్తే ఆ లేదు రాలేదు.

"కొన్నిసార్లు" అంది.

హైందవి తలూపింది. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండేది.

"నేను వాళ్లను లోపలికి రాకుంట ఆపుకుంట నిలబడ్డ. మీకు మనసు బాగలేదని. లోపల నన్నే..." ఆగింది. "నా మొఖం మీద అనుంటే నేను సుత రెండు మాటలంటుంటి ఆంటీ. కొట్లాడి, పొద్దుగాల ఇడ్లీ తింటుంటి. బాపు ముచ్చట మాత్రం నేను మీకొక్కలకే చెప్పుకున్న."

"తప్పయిపోయిందమ్మా."

"అయ్యింది ఆంటీ." అది ఒప్పుకోలులాగే అంది, ఓదార్పులా కాదు. "బకెట్ మీరే ఉంచుకోండ్రి. ఊరికి బకెట్ ఏం జేసుకుంట?"

లోపలికి వెళ్లబోయి, తిరిగి, వంగి కమలకుమారి కాళ్లకి దండం పెట్టింది. అది కూడా మానేసి ఉంటే ఆవిడకి కొంచెం తేలిగ్గా ఉండేది.

తిరిగి వచ్చేటప్పుడు డాక్టరమ్మ క్లినిక్కు ముందు నుంచే నడిచింది. బోర్డు చూసి ఒక్క క్షణం నిలబడింది. డాక్టరమ్మ చెప్పిన మొదటి మాట గుర్తుంది. ఎప్పుడూ మర్చిపోలేదు. కరపత్రాల కుర్రాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. ఈసారి బకెట్టులో ఉన్న కాగితాలు చూసి ఎవరూ వేయలేదు.

*

హైందవి మంచం మీదకి వేరే పిల్ల వచ్చింది. వానలు మొదలయ్యాయి. కమలకుమారి ఒకసారి మంథనికి ఫోను చేసింది. రాజనర్సయ్యే ఎత్తాడు. "బిడ్డ బయటికి పోయింది మేడం. మీరు మంచిగ చూసుకున్నరని చెప్తది" అన్నాడు. ఫోనులో మాట్లాడుతూ హైందవి అన్న 'మా మేడం' ఎవరో అప్పుడు ఆవిడకి అర్థమైంది. ఆయన పెట్టేశాక కూడా ఫోను చెవి దగ్గరే ఉంచుకుని కూర్చుంది.

ఇంకొకరోజు సాయంత్రం హాల్లో పిల్లలు టీ తాగుతుండగా ఆవిడకి మళ్లీ అలాగే అయింది. ఎవరో కుర్చీ ఈడ్చారు, అంతే. మెడ నరాలు బిగుసుకున్నాయి. అలవాటుగా వంటింటి వైపు నాలుగడుగులు వేసింది. ఓదెలు అప్పటికే ఉల్లిపాయల బుట్ట అందుకుని లేస్తున్నాడు.

ఆవిడ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"పిల్లలూ" అంది. "నాకిప్పుడు బాగోలేదు. అప్పుడప్పుడు ఇలా అవుతుంది, మందులు వాడుతున్నాను. మీరేం చేయలేదు. కాసేపు నాతో ఎవరూ మాట్లాడకండి. మాట్లాడితే ఏదో ఒకటి అనేస్తాను."

ఎవరూ నవ్వలేదు. ఏ పిల్లా లేచి పెట్టె సర్దుకోలేదు. కుర్చీ ఈడ్చిన పిల్ల దాన్ని ఎత్తి మెల్లగా సరిగ్గా పెట్టింది. నవీన గ్లాసు దించి అడిగింది.

"ఎంతసేపు ఆంటీ?"

"తెలీదమ్మా. తగ్గాక నేనే చెప్తాను."

"సరే ఆంటీ" అంది నవీన, మళ్లీ టీ తాగింది.

ఇంతే. ఇంతకంటే ఏమీ జరగలేదు. కమలకుమారి గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుని గోడ వంక చూసింది. మెడలో బిగువు ఎప్పటికో వదిలింది. కళ్లలో నీళ్లు మాత్రం అప్పుడు మొదలయ్యాయి. హైందవి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ రోజుల్లో ఏ ఒక్క రోజైనా ఈ నాలుగు మాటలూ ఆ పిల్లతో అనుంటే సరిపోయేది. ఆ పిల్లయితే ఎంతసేపు అని కూడా అడిగేది కాదు.

వంటింట్లో ఓదెలు గ్రైండరు వేశాడు. పిండికి ఎంతసేపు కావాలో అంతసేపు తిరిగి ఆగింది.

మర్నాడు పొద్దున బల్లల దగ్గర నవీన ఇడ్లీని వేలితో నొక్కి చూసింది.

"ఓదెలన్నా, ఇడ్లీ గట్టిగున్నదేంది? ఇదివరకైతే ఇసొంటప్పుడు దూది లెక్క ఉండేది."

ఓదెలు చట్నీ వడ్డిస్తూ పోయాడు. కమలకుమారి వచ్చి నవీన కంచంలోంచి చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

"అవునమ్మా, గట్టిగానే ఉంది" అంది.